నగోయా కోట: గోపురం మూసేశారు, అయినా వెళ్ళొచ్చు

జపాన్లోని నగోయా వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి: ఫొటోల్లో కనిపించే ఆ ఎత్తైన కోట గోపురంలోకి 2018 మే నుంచి ఎవరినీ పంపడం లేదు. అసలు గోపురం 1945 మే 14న అమెరికా బాంబుదాడిలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1959లో కాంక్రీటుతో కట్టింది, పెద్ద భూకంపం వస్తే ఆగదని మూసేశారు. చెక్కతో మళ్ళీ కడదామంటున్నారు గానీ లిఫ్ట్ దగ్గర పేచీ పడింది. పాతకాలం పద్ధతిలోనే ఉండాలని కొందరు, మరి చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ మాటేమిటని ఇంకొందరు. నా ఓటు రెండోవాళ్ళకే.

మేం వెళ్ళినప్పుడు టికెట్ 500 యెన్లు. గోపురం లేకపోయినా పక్కనున్న హొమ్మారు ప్యాలెస్ ఒక్కదానికే ఆ డబ్బు గిట్టుబాటైపోతుంది. ఇదీ అదే రోజు కాలిపోయిందే. యుద్ధానికి ముందే తీసిన కొలతలు, ఫొటోలు మిగలబట్టి, 2009లో మొదలెట్టి 2018కి హినోకి (జపాన్ సైప్రస్) చెక్కతో ఉన్నదున్నట్టు కట్టేశారు. చెప్పులు విప్పి, పెద్ద బ్యాగులు లాకర్లో పెట్టి వెళ్ళాలి. మొదటి గదుల్లో బంగారు రేకు మీద పులులు, వాటి మధ్య చిరుతలు. జపాన్లో పులుల్లేవు కదా, చర్మాలు చూసి వేశారట. కళ్ళు మాత్రం అచ్చం పిల్లి కళ్ళే! లోపలికి వెళ్ళేకొద్దీ హంగు పెరుగుతుంది. 1634లో షోగున్ (అప్పట్లో దేశాన్నేలిన సేనాధిపతి) ఇయెమిత్సు బస కోసం కట్టిన గదుల్లో తలుపుల పైనున్న చెక్కడాల దగ్గర జనం కదల్లేదు, మేమూ కదల్లేదు.

బయట గోడ రాళ్ళను ఓసారి దగ్గరగా చూడండి. 1610లో ఇయెమిత్సు తాత ఇయెయాసు ఈ పనిని సామంతులకు పంచితే, ఎవరి రాయి ఎవరిదో తెలియాలని గుర్తులు చెక్కుకున్నారు. గోపురం మీది బంగారు షాచి చేపలు రెండింటికీ కలిపి 88 కిలోల 18 క్యారెట్ల బంగారం పట్టిందంటే మా అత్తయ్య నమ్మలేదు.

కోట పక్కనే తినుబండారాల వీధి కిన్‌షాచి యొకొచో ఉంది. ధరలు కాస్త ఎక్కువే. శాకాహారులకు ఇబ్బంది తప్పదు, కిషిమెన్ నూడుల్స్ చారు కూడా చేపతోనే కాస్తారు. పులిహోర కట్టుకెళ్ళడం మేలు.

బస ఊరి మధ్యనున్న సకాయెలో చూసుకోండి, మేజో లైన్ మెట్రో ఎక్కితే నేరుగా నగోయాజో స్టేషన్లో దిగొచ్చు. మేం నగోయా స్టేషన్ దగ్గర దిగిన హోటల్లో సూట్‌కేసు తెరవాలంటే మంచమెక్కాల్సి వచ్చేది. మెగురు టూరిస్టు బస్సు చవకే గానీ సోమవారాలు తిరగదు.