మూర్ఛకు జన్యు పరీక్ష: ప్యానెలా, ఎక్సోమా?

మా మేనల్లుడికి మా అన్నయ్య కూతురినే చేశాం. పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో మేనరికం కొత్తేమీ కాదు. వాళ్ల బాబుకు మూడో నెలలో మూర్ఛలు మొదలయ్యాయి, చూపు కూడా దేనిమీదా నిలిచేది కాదు. విశాఖపట్నంలో డాక్టరు జన్యు పరీక్ష చేయించమన్నారు. ప్యానెలా, ఎక్సోమా అన్నది మాకే వదిలేశారు.

ప్యానెల్‌లో మూర్ఛతో సంబంధం ఉందని తేలిన కొన్ని జన్యువులనే చదువుతారు. ఎక్సోమ్‌లో అయితే ప్రోటీన్లకు సూత్రమిచ్చే సుమారు 20,000 జన్యువులూ చదువుతారు. ప్యానెల్ చవక కదా అని అదే చేయించాం. ఏమీ తేలలేదు.

తరువాత ఎక్సోమ్‌లో బయటపడింది, ఏపీ3బీ2. పాత ప్యానెల్ జాబితా తిరగేస్తే ఆ పేరే లేదు. ఈ జన్యువు పసిపిల్లల మూర్ఛకు కారణమని 2016లో గానీ వెల్లడి కాలేదు మరి.

నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాలు చిన్న చిన్న బుడగల్లో ఉంటాయి. వాటినే సినాప్టిక్ వెసికిల్స్ అంటారు. నాలుగు ప్రోటీన్ల కూటమి ఒకటి, కణం లోపల ఎండోసోమ్ అనే చిన్న సంచి పొర నుంచి సరుకు ఏరి అలాంటి బుడగలు కొన్నింటిని తయారుచేస్తుంది. అందులో ఒక ప్రోటీన్‌కు సూత్రం ఏపీ3బీ2 ఇస్తుంది, అదీ ముఖ్యంగా నాడీకణాల్లోనే. దీని తోబుట్టువు ఏపీ3బీ1 ఒళ్లంతా పనిచేస్తుంది. అది చెడితే చర్మం, జుట్టు పాలిపోతాయి, రక్తం సరిగా గడ్డకట్టదు. ఒకే ఇంటివాళ్లు, తెచ్చే చిక్కులు వేరు.

డాక్టరు కాగితం మీద మా వంశవృక్షం గీసి, దంపతుల మధ్య రెండు గీతలు పెట్టారు. రక్తసంబంధపు పెళ్లికి అదే గుర్తట. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఏపీ3బీ2 జన్యువు చెడ్డ ప్రతి (కాపీ) ఒక్కొక్కటి ఉంది, వాళ్లకేమీ కాదు. రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం.

మేనరికపు ఇంట్లో, కారణం అంతుచిక్కని పసిబిడ్డకు ఎక్సోమే మేలని నా మాట. ప్యానెల్‌కూ చోటుంది. ఏడాదిలోపు బిడ్డకు జ్వరంతో పదేపదే ఎక్కువసేపు మూర్ఛలొస్తే డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ జబ్బని అనుమానిస్తారు. దానికి ఎక్కువగా కారణమయ్యే ఎస్‌సీఎన్1ఏ జన్యువు సంగతి త్వరగా తేలాలి, ఎందుకంటే కార్బమజెపిన్ లాంటి మూర్ఛ మందులు ఆ జబ్బును ముదరబెడతాయి. అక్కడ ప్యానెల్ చాలు.

ఎక్సోమ్‌లోనూ తిప్పలున్నాయి. ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ (హాని చేస్తుందో లేదో తెలియనిది) అని రిపోర్టులో మరో రెండు జన్యువుల పేర్లు చూసి మా అక్క వారం రోజులు నిద్రపోలేదు. తల్లిదండ్రుల రక్తం కూడా కలిపి చదివితే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది. మేము మొదట బాబు రక్తం ఒక్కటే, ఊదారంగు మూత గొట్టంలో ఇచ్చి వచ్చేశాం. తరువాత వాళ్లిద్దరి కోసం నౌపడా మీదుగా మళ్లీ విశాఖ రైలెక్కాల్సి వచ్చింది.