రెండున్నర నెలల కొత్త సిస్టంలో 19,412 గంటలు వాడేసిన ఎస్ఎస్‌డీ! సీటీసీలో కొనేవాళ్ళు జాగ్రత్త

సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చి ఇంకా మూడు రోజులు కాలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గట్లేదు. ఈలోగా ఇంకెవరైనా డబ్బు జేబులో పెట్టుకుని అదే షాపు మెట్లెక్కుతారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

సీటీసీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల బిల్డింగ్. మా చుట్టాల్లో సగం మంది అక్కడే సిస్టం చేయించుకున్నారు. షాపు పేరు ఇక్కడ రాయను, కేసు వేయబోతున్నాను కాబట్టి. అదే బిల్డింగ్‌లో నిజాయితీగా అమ్మేవాళ్ళూ ఉన్నారు, ఆ సంగతి కూడా కింద రాశాను.

మా అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం, సీఎస్ఈ. చిట్టీ ఎత్తిన డబ్బులోంచి 36,500 పెట్టి కొన్నాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 480 జీబీ ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్ళు అన్నీ ఉండే డిస్క్), మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి. పైన రెండో షాపుకు పోదామంటే నేనే వద్దన్నాను, ఈ షాపు ఓనర్ మాట మంచిగా ఉందని. లోపలే బిగించి, విండోస్ వేసి, ఆన్ చేసి చూపించాడు. సామాన్ల డబ్బాలు అడిగితే, "రైల్లో అవన్నీ ఎందుకు సార్ బరువు, వారంటీకి మా బిల్లు చాలు" అన్నాడు. సరే అన్నాను. ఆ ఒక్క "సరే" కోసం ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

పదిహేను రోజులకు హ్యాంగ్ అవడం మొదలైంది. ఏదో రాసుకుంటూ ఉంటుంది, ఉన్నట్టుండి అంతా బిగుసుకుపోతుంది. మౌస్ బాణం కదులుతుంది కానీ దేని మీద నొక్కినా పలకదు. కింద గడియారం కూడా ఆగిపోతుంది. అర నిమిషానికి దానంతటదే తేరుకుని, అప్పటిదాకా నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కొన్నిసార్లు అసలు తేరుకోదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే. నీలం తెర రాదు, ఎర్రర్ రాదు. రోజుకు ఒకటి రెండుసార్లు ఉండేది, నెల తిరిగేసరికి గంటకోసారి అయింది.

షాపుకు ఫోన్ చేశాను. మొదటిసారి, వైరస్ అన్నాడు. "పిల్లలు గేములు గీములు ఎక్కిస్తారు సార్, చూసుకోండి." నేను ఆ మాట నమ్మి ఇంట్లో అమ్మాయిని తిట్టాను. అది ఏమీ ఎక్కించలేదని మూడుసార్లు చెప్పింది, వినలేదు. రెండోసారి, కరెంటు వోల్టేజ్ సరిగ్గా లేదేమో, యూపీఎస్ పెట్టండి అన్నాడు. 3,300 పెట్టి కొన్నాను. మార్పేమీ లేదు. మూడోసారి, విండోస్ అప్‌డేట్ పాడు చేసింది, ఫార్మాట్ కొట్టించండి అన్నాడు. ఇక్కడ హనుమకొండలో 600 ఇచ్చి చేయించాను. రెండు రోజులు బాగుంది, మూడో రోజు ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయింది. 40 ప్రశ్నల్లో 22వ దాని దగ్గర. మళ్ళీ ఆన్ అయ్యేసరికి టైం అయిపోయింది. ఆ రోజు అమ్మాయి అన్నం తినలేదు.

నాలుగోసారి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాడు. "సైడ్ డోర్ తీసి ర్యామ్ ఒకసారి ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టండి సార్, లూజ్ అయి ఉంటది." సీపీయూ పక్క రేకు స్క్రూ మీద వాళ్ళ వారంటీ సీల్ స్టిక్కర్ ఉంది. అది చింపితేనే రేకు వస్తుంది. చింపమన్నది వాళ్ళే కదా అని చింపాను. ఈ స్టిక్కర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ర్యామ్ తుడిచి పెట్టినా అంతే. ఇక అమ్మాయే పట్టుకుంది. అది ఒక్కో అనుమానాన్నీ ఎలా తీసేసిందో రాస్తాను, ఇలాగే హ్యాంగ్ అవుతున్న సిస్టం ఎవరింట్లోనైనా ఉంటే పనికొస్తుంది.

ముందు వేడి చూసింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి గంటసేపు పని చేయించింది. ఈ ప్రాసెసర్‌కు 95 డిగ్రీల దాకా హద్దు, మాది 68 దాటలేదు. పైగా వేడెక్కినప్పుడే కాదు, ఖాళీగా ఉన్నప్పుడూ హ్యాంగ్ అవుతోంది. కాబట్టి వేడి కాదు. తర్వాత ర్యామ్. 8 జీబీవి రెండు ఉన్నాయి. ఒకటి తీసేసి ఒక రోజు, దాన్ని పెట్టి రెండోది తీసేసి ఒక రోజు నడిపింది. రెండు రోజులూ హ్యాంగ్ అయింది. రెండూ ఒకేలా పాడవడం అరుదు కదా, అయినా పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలేసింది. పొద్దున చూస్తే ఒక్క తప్పు లేదు.

అప్పుడు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచింది, సిస్టంలో ఎప్పుడేం జరిగిందో రాసి ఉంచేది. విండోస్ లాగ్స్‌లో సిస్టం అనే దాంట్లోకి వెళ్తే, హ్యాంగ్ అయిన ప్రతి టైమ్‌కూ ఒకే పసుపు హెచ్చరిక. నంబర్ 129. డివైస్‌ను రీసెట్ చేశాం అని దాని సారాంశం. అంటే విండోస్ డిస్క్‌ను ఏదో అడుగుతోంది, డిస్క్ జవాబివ్వట్లేదు, కాసేపు చూసి దాన్ని తట్టి లేపుతోంది. మేం అర నిమిషం కూర్చుని చూసేది అదన్నమాట. కేబుల్ లూజ్ ఉన్నా ఇది రావచ్చట. 120 పెట్టి డిస్క్‌ను బోర్డుకు కలిపే కొత్త సాటా కేబుల్ తెచ్చి, బోర్డు మీద వేరే పోర్టుకు గుచ్చాం. తగ్గలేదు.

చివరికి డిస్క్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసింది. ఇదీ ఉచితమే, రెండు నిమిషాల పని. తెర మీద పసుపు రంగులో "కాషన్", అంటే జాగ్రత్త అని వచ్చింది. నేను ఆ పసుపును చూస్తున్నాను, అమ్మాయి మాత్రం కుడివైపు అంకెను చూస్తోంది. "నాన్నా, పవర్ ఆన్ అవర్స్ చూడు" అంది, అంటే డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు. 19,412.

నాకు వెంటనే అర్థం కాలేదు. అది కాగితం మీద లెక్క వేసి చూపించింది. మనం కొని 75 రోజులు. ఒక్క క్షణం ఆపకుండా రాత్రీ పగలూ నడిపినా 1,800 గంటలు. మనం వాడింది రోజుకు ఆరు గంటలు, అంటే 450. ఇందులో 19,412 ఉంది. పగలూ రాత్రీ నడిస్తే రెండేళ్ళ రెండున్నర నెలలు. ఈ లెక్క ఎస్ఎస్‌డీ తనలో తాను రాసుకునేది, ఫార్మాట్ కొట్టినా పోదు. ఏ ఆఫీసులోనో ఆపకుండా నడిచి, అరిగిపోయాక ఊడదీసిన దాన్ని మా కొత్త సిస్టంలో పెట్టాడు. ఎస్ఎస్‌డీ మీదున్న సీరియల్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, వారంటీ నిరుడే అయిపోయిందని వచ్చింది.

నేను అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఇంకేం చెప్పగలను.

శనివారం సీపీయూను దుప్పట్లో చుట్టుకుని కాజీపేటలో రైలెక్కాం. నాకప్పటికీ నమ్మకం ఉంది, పొరపాటున వేరే స్టాక్ కలిసిపోయి ఉంటుంది, మార్చి ఇస్తాడులే అని. పోగానే కుర్రాడు నీళ్ళ సీసా ఇచ్చాడు, ఓనర్ "రండి సార్, కూర్చోండి" అన్నాడు. అమ్మాయి ప్రింట్ తీసిన కాగితం ఆయన ముందు పెట్టింది. దాన్ని చూసీ చూడనట్టు పక్కకు జరిపాడు. సీపీయూను తిప్పి నేరుగా స్టిక్కర్ మీద వేలు పెట్టాడు.

"సీల్ ఎవరు చింపిండ్రు?"

మీరే చింపమన్నారు కదా అన్నాను. "నేనెందుకంట?" అన్నాడు. అమ్మాయి ఫోన్ తీసి వాయిస్ మెసేజ్ పెట్టింది. షాపులో ఉన్న నలుగురూ విన్నారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. అప్పుడు నా కళ్ళలోకి చూసి అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"ర్యామ్ తీయమని చెప్పినం, ఎస్ఎస్‌డీ మార్చమని చెప్పలే. మేమిచ్చిన కొత్తది తీసుకుని పాతది పెట్టుకొచ్చిండ్రు. బిల్లులో సీరియల్ నంబర్ ఉందా? చూపెట్టండి."

లేదు. బిల్లు తీసి చూశాను. "అసెంబుల్డ్ సీపీయూ, ఒకటి" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఏ బోర్డో, ఏ ఎస్ఎస్‌డీయో, ఏ నంబరో ఏమీ లేదు. డబ్బాలు లేవు, వాటి మీద ఉండే నంబర్లూ లేవు. డబ్బాలు ఎందుకు ఇవ్వలేదో, బిల్లు అలా ఎందుకు రాశాడో, సీల్ ఎందుకు చింపించాడో అప్పుడు అర్థమైంది. సీల్ ఉన్నంతకాలం లోపలున్నది వాళ్ళదే. చింపించాక లోపలున్నది నాది.

నేను ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకరి లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి కూర్చుని వెతికేవాణ్ణి. నన్ను, మూడు వేల రూపాయల సామాను మార్చిన దొంగ అన్నాడు, నా కూతురి ముందు. అమ్మాయి ఊరుకోలేదు, ఫార్మాట్ చేసినా గంటలు పోవని, మా దగ్గర ఈవెంట్ లాగ్‌లు ఉన్నాయని చెప్పబోయింది. "పాపా, యూట్యూబ్ చూసొచ్చి నాకు నేర్పకు, ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్న ఇది" అని గొంతు పెంచాడు. అక్కడ కొత్తగా సిస్టం చేయించుకుంటున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయనకు చెబుదామనుకున్నాను, అప్పటికే నా గొంతు పూడుకుపోయింది. కుర్రాడు మా సీపీయూను ఎత్తి షాపు బయట నేల మీద పెట్టాడు. నీళ్ళ సీసా అందించిన ఆ కుర్రాడే.

పై అంతస్తులో వేరే షాపుకు వెళ్ళాం. నేను ఆ రోజు వద్దన్నదే. ఆయన సీలు వేసిన డబ్బా మా ముందే విప్పి, తన సిస్టంకు తగిలించి, గంటల లెక్క సున్నా ఉందని చూపించి, సీరియల్ నంబర్‌ను చేత్తో బిల్లు మీద రాసి ఇచ్చాడు. 3,450. మేం అడగకుండానే చేశాడు ఇవన్నీ. పాత ఎస్ఎస్‌డీ పారేయకండి, అదే మీకు సాక్ష్యం అని కవరు కూడా ఇచ్చాడు. ఆదివారం పొద్దున ఇంట్లో విండోస్ వేశాం. ఇది రాస్తున్నప్పటిదాకా ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు. 129 హెచ్చరిక ఒక్కటీ లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా నేను వదలను. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, సికింద్రాబాద్ తిరగక్కర్లేదు. సామాను ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. వాయిస్ మెసేజ్ దాచాను, యూపీఐ చెల్లింపు వివరాలు దాచాను, ఈవెంట్ లాగ్‌లు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర ఫొటోలు అన్నీ ప్రింట్ తీశాను.

కొనేవాళ్ళకు రెండు మాటలు. డబ్బాలన్నీ మీ కళ్ళ ముందు విప్పించండి, ఇంటికి తెచ్చుకోండి, బరువైనా సరే. బిల్లులో ప్రతి సామాను పేరు, సీరియల్ నంబర్ రాస్తేనే డబ్బు ఇవ్వండి. ఆ నంబర్ ఉంటేనే కంపెనీ వారంటీ మీ చేతిలో ఉంటుంది, షాపువాడి దయ మీద ఆధారపడక్కర్లేదు. అక్కడే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టించి గంటలు చూడండి. కొత్త దాంట్లో సున్నా, లేదా విండోస్ వేసిన ఒకటి రెండు గంటలు ఉండాలి. పెట్టనంటే లేచి వచ్చేయండి.

ఈ మధ్య అక్కడ అసెంబుల్డ్ తీసుకున్నవాళ్ళు ఉంటే దయచేసి ఈ రాత్రే ఆ అంకె చూసుకోండి, హ్యాంగ్ అవకపోయినా సరే. ఎక్కువ ఉంటే రేకు ముట్టుకోకండి. సీల్ చెక్కుచెదరకుండా ఉన్న సీపీయూను, ఆ అంకెను కలిపి ఒకే వీడియోలో తీసి, ఆ తర్వాతే షాపుకు ఫోన్ చేయండి.