నిండు కార్బాయ్‌ని మొయ్యడానికి పిడా, పట్టీలా, పెట్టా: ఏది మేలు?

మా ఇంట్లో గాజు కార్బాయ్, అంటే వైన్ పులియబెట్టుకునే సన్నమెడ పెద్ద సీసా, పగిలింది నిండుగా ఉన్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. బేస్‌మెంట్ సింకులో సబ్బు చేతులతో తిప్పుతుంటే జారి కుళాయికి తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు, ‘టక్’ అంది అంతే. చూస్తే అడుగు ఊడి సింకులో ఉంది, మెడ నా చేతిలో ఉంది. అదే నిండుగా ఉండి, మెట్ల మీద నేనుండగా జరిగుంటే అనుకుంటే ఇప్పటికీ కాళ్లలో వణుకు వస్తుంది. అప్పటిదాకా చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో హత్తుకుని మోసేవాణ్ణి. ఆ రోజుతో అది మానేశాను. న్యూజెర్సీలో మాకు సెప్టెంబరు నెలలో కాలిఫోర్నియా ద్రాక్ష పెట్టెలు దిగుతాయి. ఆ తర్వాత ప్రతి సీజన్‌లోనూ ఒక్కో పరికరం వాడి చూశాను.

ముందు బరువు లెక్క చూద్దాం. ఆరు గ్యాలన్ల కార్బాయ్ అంటే 22.7 లీటర్లు. పులియని రసంలో చక్కెర ఉంటుంది కాబట్టి అది నీళ్లకంటే బరువు, దాదాపు 25 కిలోలు తూగుతుంది. గాజు బరువు ఇంకో ఆరు కిలోలు వేసుకోండి. అంటే 25 కిలోల బియ్యం బస్తాను మించిపోయింది. పైగా బస్తా జారిపడితే బియ్యం ఎత్తుకోవచ్చు. పని చేసేవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో ఒక సూత్రం ఇచ్చింది. బరువు ఒంటికి ఆనుకుని, పట్టు బాగా దొరికి, నడుం మెలితిప్పకుండా ఎత్తినా సరే 23 కిలోలు దాటొద్దంటుంది. మనం ఎత్తేది నేల మీంచి, అదీ నున్నటి గుండ్రటి గాజుని.

మెడకి బోల్టుతో బిగించే పిడి ఒకటి దొరుకుతుంది. చవక, చూడ్డానికి భలే ధీమాగా కూడా ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదం దీంతోనే, ఎందుకంటే అది చెయ్యి పెట్టమని పిలుస్తుంది. నిండు బరువంతా మెడ చుట్టూ ఉన్న సన్నటి గాజు మీద పడుతుంది. మన ఊళ్లో నిండు బిందెని చంకనెత్తుకుంటారు, బరువు నడుం మీదికి దిగుతుంది. ఇదేమో బరువుని మెడకి వేలాడదీస్తుంది. ఖాళీ కార్బాయ్‌ని కడగడానికి తీసుకెళ్లేటప్పుడు, అదీ రెండో చెయ్యి అడుగున ఉంటే, పిడి పనికొస్తుంది. అంతకుమించి వద్దు.

పట్టీలు వేరే సంగతి. అవి అచ్చం ఉట్టే. గట్టి నేత పట్టీలు అడుగు కిందనుంచి వచ్చి, సీసా నడుం చుట్టూ ఒక పట్టీతో బిగిసి, పైన రెండు పిడులుగా తేలతాయి. బరువు అడుగు మీదే ఉంటుంది. తడి గాజు మీద చేతులు వేసే పని లేదు. చెరోవైపు పట్టుకుని ఇద్దరు మొయ్యొచ్చు. మా బావమరిదీ నేనూ గ్యారేజీ నుంచి బేస్‌మెంట్‌కి దింపేది ఇలాగే. కింద మెట్టు మీద ఉన్నవాడికే బరువెక్కువ, ఆ సంగతి మా బావమరిదికి ఆలస్యంగా తెలిసింది. లోపం ఒకటుంది: గాజుకి కాపుదల ఉండదు. మెట్టు అంచుకి తగిలితే తగిలినట్టే. కుట్లు ఊడుతున్నాయేమో ఏడాదికోసారి చూసుకోవాలి.

ఆ కాపుదల కావాలంటే పాల ప్యాకెట్లు వచ్చే ప్లాస్టిక్ పెట్టె. దించేటప్పుడు నేలకి ముందు ప్లాస్టిక్ తగులుతుంది, పట్టుకోవడానికి పక్కన కన్నాలుంటాయి. ఐదు గ్యాలన్లది హాయిగా కూర్చుంటుంది. ఆరున్నరది పట్టదు, బలవంతంగా తొయ్యకండి. పూలకుండీల కింద పెట్టే చక్రాల పీట చదును నేల మీద బాగుంటుంది. గడప దగ్గర చిన్న చక్రం ఆగిపోతుంది, సీసా పైభాగం ఆగదు.

ప్లాస్టిక్ కార్బాయ్ కొంటే సరిపోదా అని అడుగుతారు. ఖాళీది కిలో కూడా ఉండదు, పడితే పగలదు, నిజమే. కానీ ఎత్తగానే పక్కలు నొక్కుకుని మళ్లీ ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని నీళ్ల మూతలో) నీళ్లు గుటుక్కున వైన్‌లోకి దిగుతాయి. అందుకని కదిపే ముందు ఎయిర్‌లాక్ తీసి గట్టి బిరడా పెట్టి, దించగానే మార్చెయ్యాలి. ఇంకా పులుస్తుంటే బిరడా తియ్యడం మరిచిపోవద్దు, గ్యాస్ పట్టి ఎగిరిపోతుంది. నెలల తరబడి నిలవకి ప్లాస్టిక్ నాకు నచ్చదు, దాని గోడల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి పోతుంది. మొదటి వారాలకి ప్లాస్టిక్, తర్వాత గాజు.

ఇన్ని చేశాక నాకు అర్థమైంది వేరే. మనం మొయ్యాల్సింది సీసాని కాదు, అందులో ఉన్నదాన్ని. నిండు కార్బాయ్‌ని తేట తీసే రోజున బల్ల మీదికి ఎత్తితే అడుగున నెల రోజులుగా పేరుకున్న మడ్డి అంతా ఒక్క కుదుపుకి లేచిపోతుంది. మళ్లీ రోజో రెండు రోజులో ఆగాలి. అందుకే ఇప్పుడు ఖాళీ గాజుని ముందే నడుమెత్తు బల్ల మీద పెట్టి, అక్కడే నింపుతున్నాను. కదలకుండా ఉన్నదాంట్లోంచి సైఫన్ గొట్టంతో కిందికి తేట దించుతాను. కిందికి దిగిన వైన్‌ని మళ్లీ బల్ల మీదికి చేర్చడానికి వాక్యూమ్ పంపు ఉంది. దాంతో కింది సీసాలోది పై సీసాలోకి తోడొచ్చు, పనిలో పనిగా వైన్‌లో ఇరుక్కున్న గ్యాస్ కూడా పోతుంది. ఈ సరంజామాలో ఖరీదైనది అదే. గీతలు, బీటలు లేని గాజుతోనే వాడాలి. ప్లాస్టిక్‌ది లోపలికి నొక్కుకుపోతుంది.

బల్ల మాత్రం మడిచే రకం వద్దు. రెండు కార్బాయ్‌లంటే 60 కిలోలు. నేను సిమెంటు దిమ్మల మీద మందపాటి చెక్క వేసుకున్నాను.

ఈ ఏడు కొత్తగా కొన్నవన్నీ మూడు గ్యాలన్లవే. బిరడాలు రెట్టింపు, కడుగుడు రెట్టింపు, రెండింట్లోనూ మెడదాకా నింపుకోవాలి. కానీ నిండుది పదిహేను కిలోల చిల్లరే. మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ రెండింటిని బల్ల మీదికి చేర్చేసి, నాకోసం ఆగకుండా సైఫన్ మొదలుపెట్టేసింది.