పోపు రాజీనామా మీద నాయకత్వ కోర్సు: చూడొచ్చు, చివరి పాఠం తప్ప

16వ బెనెడిక్ట్ పోపు 2013లో తనంతట తానుగా పీఠం దిగిపోయారు. ఆ ఉదంతం చుట్టూ అల్లిన ఆన్‌లైన్ కోర్సు ఇది. వీడియో పాఠాలు, ఒక్కో పాఠం చివర నింపడానికి ఒక వర్క్‌షీటు, అన్నీ అయ్యాక మన పేరుతో సర్టిఫికెట్టు. సంస్థలు నడిపేవాళ్లు కుర్చీ ఎప్పుడు వదలాలో, ఎలా వదలాలో నేర్పుతామని అమ్ముతున్నారు. అమ్మేవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద మెచ్చుకోళ్లు ఎన్ని ఉన్నాయో తిట్లూ దాదాపు అన్నే ఉన్నాయి.

కొన్నది నేను కాదు, మా అమ్మాయి. ప్రింటింగ్ ప్రెస్సు పెట్టింది నేను, ఇప్పుడు నడిపేది తను, చెక్కుల మీద సంతకం మాత్రం ఇంకా నాదే. అలాంటి ఇంట్లో కూతురు తండ్రికి ఈ కోర్సు కొనిచ్చిందంటే దాని భావమేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. డబ్బు తనది కాబట్టి ధర గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. నేను క్రైస్తవుణ్ణి కాను, కోర్సు చూడ్డానికి ఆ అవసరమూ లేదు.

ముందు మంచి సంగతులు. ఫిబ్రవరి 11 నాటి దృశ్యం మీద నడిచే పాఠం ఒక్కటి చాలు, మిగతావాటికి క్షమించేయొచ్చు. ఆ ఉదయం కార్డినల్స్, అంటే పోపు కింద ఉండే పెద్ద మతాధికారులు, కొత్త పోపుని ఎన్నుకునేదీ వాళ్లే, చేరింది వేరే పని మీద. ఇటలీలోని ఒట్రాంటోలో మతం కోసం ప్రాణాలిచ్చిన అమరవీరులతో పాటు ఇంకొందరిని పునీతులుగా ప్రకటించే విషయం తేల్చాలి. ఆ తంతు ముగిశాక, కూర్చున్న కుర్చీలోంచే ఆ 85 ఏళ్ల మనిషి ఒక కాగితం పట్టుకుని లాటిన్‌లో చదవడం మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు. వయసు మీదపడింది, ఒంట్లోనూ మనసులోనూ ఈ బాధ్యత మోసేంత సత్తువ లేదు, ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటలకు పీఠం ఖాళీ అవుతుంది. అంతే సారాంశం. ఆ వార్తను ముందుగా లోకానికి అందించినవాళ్లలో ఇటలీ వార్తాసంస్థ అన్సా విలేకరి జొవాన్నా కిర్రి ఒకరు. ఆవిడకి లాటిన్ వచ్చు కాబట్టి వింటూనే పట్టేసింది. కార్డినల్స్‌లో పెద్దయిన సొదానో లేచి, ఇది మబ్బుల్లేని ఆకాశంలోంచి పడ్డ పిడుగులా ఉందన్నారు.

బోధించే ఆయన ఇక్కడ తెలివైన పని చేశాడు. వీడియో ఆపి, ఈ ప్రకటనలో లేనివి ఏమిటో అడుగుతాడు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అంతకుముందు ఏడాదే ఆయన సొంత పనిమనిషి పాలో గాబ్రియేలే రహస్య పత్రాలు బయటికి చేరవేసి అరెస్టయ్యాడు, ఆ గొడవ ప్రస్తావనే లేదు. తన ఘనకార్యాల జాబితా లేదు. తర్వాత ఎవరు రావాలన్న సూచన లేదు. వెళ్లిపోతున్న మనిషి నోట ఈ మూడూ రాకుండా ఉండటం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు, ఎన్ని వీడ్కోలు సభలు చూశామో కదా. ఇంత చక్కగా చెప్పి, అదే సాయంత్రం వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గోపురం మీద మెరుపు పడిన ఫొటో తెస్తాడు, వెనకాల డ్రమ్ముల మోత. ఆ ఫొటో తర్వాతి పాఠాల్లోనూ వదలడు. తలనొప్పి.

రెండో మంచి పాఠం చట్టం గురించి. శ్రీసభ, అంటే కాథలిక్ చర్చి, చట్టంలో 332వ నిబంధన ప్రకారం పోపు రాజీనామా చెల్లాలంటే రెండే షరతులు: తన ఇష్టంతో చేయాలి, సరైన రీతిలో వెల్లడించాలి. ఎవరూ ఆమోదించనక్కర్లేదు. బిషప్పులు 75 నిండగానే రాజీనామా లేఖ సమర్పించాలి, 80 దాటిన కార్డినల్‌కి కొత్త పోపు ఎన్నికలో ఓటు ఉండదు, పోపుకి మాత్రం వయసు గీత లేదు. ఆయన్ని దిగిపొమ్మని చెప్పేవాడు లేడు, దిగిపోతానంటే ఆపేవాడూ లేడు. మా బోటి సొంత వ్యాపారస్తుల సంగతీ ఇంతే. ఉద్యోగికి రిటైర్మెంటు తేదీ ఆఫీసే చూసుకుంటుంది, ఓనరుకి ఎవరు చూస్తారు? ఈ పాఠం చూసిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు, ఒప్పుకుంటాను.

ఇక చరిత్ర పాఠం. 1294లో ఐదో సెలెస్టీన్ పోపు స్వచ్ఛందంగా దిగిపోయారు, 1415లో 12వ గ్రెగరీ దిగింది ఒకేసారి ఒకరికి మించి పోపులమన్న చీలిక తెగ్గొట్టడానికి. రెంటికీ తేడా చూపించి ముగించి ఉంటే బాగుండేది. 2009లో భూకంపం తర్వాత ఇటలీలోని లాక్విలా ఊరికి వెళ్లిన బెనెడిక్ట్, సెలెస్టీన్ సమాధి మీద తన పాలియం, అంటే భుజాల మీద వేసుకునే ఉన్ని పట్టీ, ఉంచి వచ్చారు. బోధకుడు దాన్ని పట్టుకుని ‘అప్పుడే నిర్ణయం తీసేసుకున్నాడు’ అని తేల్చేస్తాడు. ఆ మాట బెనెడిక్ట్ చెప్పారా? చెప్పినట్టు ఎక్కడా చూపించడు. జరిగింది తెలిశాక వెనక్కి తిరిగి సంకేతాలు ఏరుకోవడం ఎవరికైనా చేతనవుతుంది.

కోర్సు మొత్తంలో నాకు బాగా మండింది ఫిబ్రవరి 11కీ 28కీ మధ్య ఉన్న 17 రోజుల్ని ఒక్క స్లైడుతో దాటేయడం. అసలు సరుకంతా అక్కడే ఉంది! పీఠం ఖాళీ అయ్యాక కొత్త పోపు ఎన్నికకు మామూలుగా 15 రోజులు ఆగాలి. ఈసారి అంత్యక్రియలు లేవు, ఆగాల్సిన పనీ లేదు. అందుకని ఓటున్న కార్డినల్స్ అందరూ చేరిపోతే ముందే మొదలుపెట్టుకోవచ్చని బెనెడిక్ట్ వెళ్లేముందు నియమం సవరించారు. 2007లోనే ఇంకో పని చేశారు. ఎన్నిక ఎంతకీ తేలకపోతే సగానికి మించిన ఓట్లతో తేల్చుకోవచ్చని అంతకుముందున్న పోపు రెండో జాన్ పాల్ పెట్టిన వెసులుబాటు తీసేసి, ఎన్ని సార్లయినా సరే మూడింట రెండు వంతులు రావాల్సిందే అన్నారు. మనిషిని ఎంచే హక్కు తనకి లేదు, ఎంచే పద్ధతి చక్కబెట్టే అధికారం ఉంది, దాన్ని వాడారు. మార్చి 12న కాంక్లేవ్, అంటే పోపు ఎన్నిక సమావేశం, మొదలైంది, 13న ఐదో ఓటింగులో ఫ్రాన్సిస్ ఎన్నికయ్యారు. కోర్సులో ఇవేవీ లేవు, నేను విడిగా చదివి తెలుసుకున్నాను. బదులుగా ఆ పాఠంలో ఏముందయ్యా అంటే, ధైర్యం మీద ఉపన్యాసం. ధైర్యం ఆ ఒక్క ఉదయానికి సరిపోతుంది, మిగతా రోజులకి కావాల్సింది గుమాస్తా పని.

చివరి రోజు పాఠానికి మాత్రం వంక పెట్టలేను. పొద్దున కార్డినల్స్‌తో వీడ్కోలు. రాబోయే పోపు మీలోనే ఉన్నారు, ఆయనకి నా బేషరతు విధేయత ఇప్పుడే మాటిస్తున్నానన్నారు బెనెడిక్ట్. ఎవరో తెలియకముందే! సాయంత్రం హెలికాప్టర్లో రోముకి ఆగ్నేయంగా ఉన్న కాస్టెల్ గాండోల్ఫోకి. అక్కడి బాల్కనీలోంచి జనంతో నాలుగు ముక్కలు, తనిక చివరి మజిలీ మొదలుపెట్టిన యాత్రికుణ్ణి మాత్రమేనని. రాత్రి 8 కొట్టగానే తలుపు దగ్గరున్న స్విస్ గార్డులు లోపలికి నడిచి తలుపులు మూసేశారు, కాపలా వాటికన్ పోలీసులది. స్విస్ గార్డులు కాచేది పోపుని, పోపు ఇక లేరు. మాట లేదు, సంగీతం లేదు. వీడియోలో కూడా ఇక్కడ డ్రమ్ములు పెట్టలేదు, ఎవరో గానీ పుణ్యం కట్టుకున్నారు.

దీనికి ఇచ్చిన వర్క్‌షీటులో ‘మీ వారసుడెవరు?’ అని అడిగాడు. పైన చెప్పిన కథకీ ఈ ప్రశ్నకీ పొత్తు లేదు, పోపు వారసుణ్ణి ప్రకటించడు. ఇంకో గడిలో ‘ఏ తేదీ?’ అని ఉంది. ఈ ఏడాది లెక్కలు ముగిసే రోజు వేశాను. మా అమ్మాయి చూసి, ‘తేదీ సరే నాన్నా, ఎన్ని గంటలకి?’ అంది. కోర్సు తనూ చూసిందన్నమాట.

ఇప్పుడు చివరి పాఠం. దిగిపోయిన నాయకుడు మార్గదర్శిగా ఉండాలట, వారానికోసారి కొత్తవాళ్లతో కూర్చోవాలట, అనుభవం వృథా పోనివ్వకూడదట. ఉదాహరణగా 2013 మార్చి 23 ఫొటో: కాస్టెల్ గాండోల్ఫోలో ఇద్దరు పోపులు, మధ్య బల్ల మీద తెల్లటి పెట్టె. కాగితాలు అప్పగించడం వరకు సరే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలి కదా! బెనెడిక్ట్ మే 2న వాటికన్ తోటల్లోని మాతెర్ ఎక్లెసియే మఠానికి వచ్చి, 2022 డిసెంబరు 31న 95 ఏళ్ల వయసులో చనిపోయేవరకు అక్కడే ఉన్నారు. పోపుగా ఉన్నది ఎనిమిదేళ్లకి కాస్త తక్కువ, మాజీగా దాదాపు పదేళ్లు. ఎర్ర బూట్లు వదిలి గోధుమరంగువి తొడుక్కున్నారు, అధికారపు ఉంగరం మీద గీత పెట్టించి చెల్లకుండా చేశారు, పోపులు తొడిగే తెల్లంగీ మాత్రం ఉంచుకున్నారు, ‘పోప్ ఎమెరిటస్’, అంటే గౌరవ మాజీ పోపు, అన్న బిరుదుతో సహా. దాని మీద చర్చి చట్టం తెలిసినవాళ్లలోనే అభ్యంతరాలు వచ్చాయి. మాట్లాడనని తనకి తాను పెట్టుకున్న కట్టు కూడా పూర్తిగా నిలవలేదు. 2019లో చర్చిలో లైంగిక అకృత్యాల మీద ఒక వ్యాసం రాశారు. 2020లో పూజారుల బ్రహ్మచర్యం మీద ఒక కార్డినల్ పుస్తకానికి సహరచయితగా ఆయన పేరు వేశారు, గొడవై తన పేరు తీసేయమనాల్సి వచ్చింది. ఫ్రాన్సిస్‌ని ఇష్టపడనివాళ్లు ఈయన వైపు చూస్తూనే ఉన్నారు. ఇందులో ఈయన తప్పు ఎంతో నేను చెప్పలేను. కాని మఠంలో నోరు మూసుకుని కూర్చోవాలనుకున్న మనిషికే ఇన్ని చిక్కులొస్తే, వారానికోసారి ఆఫీసుకొచ్చి సలహాలిచ్చే మాజీ సంగతేమిటి? ఫ్రాన్సిస్ 2022లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, తను రాజీనామా చేస్తే రోము మాజీ బిషప్‌గా (పోపే రోముకి బిషప్ కూడా) ఉంటాను, వాటికన్‌లో ఉండను అన్నారు. ఆ అవసరం రాలేదు, 2025 ఏప్రిల్‌లో పదవిలో ఉండగానే పోయారు. పక్కనే ఉండి తొమ్మిదేళ్లు చూసిన మనిషి మాట అది, ఈ కోర్సులో దానికి చోటివ్వలేదు.

తెలుగు సబ్‌టైటిల్స్ పర్వాలేదు, అక్కడక్కడా గొంతుకి వెనకబడతాయి. సర్టిఫికెట్టు అచ్చు మాత్రం దారుణం, బంగారు రంగు గీత అక్షరాల మీదికి ఎక్కింది. మా ప్రెస్సులో అలాంటిది ప్రూఫు దశ దాటదు.

ఐదుకి మూడు. ఫిబ్రవరి 11, 332వ నిబంధన, చివరి రోజు, ఈ మూడు పాఠాలు సొంత సంస్థలున్న అరవై దాటినవాళ్లు తప్పక చూడండి. సంస్థలో రెండో స్థానంలో ఉన్నవాళ్లు చివరి పాఠం మీ పెద్దాయనకి చూపించకండి.