గ్లాసులోనే దొరికిపోయిన అబద్ధం

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' ఆరో సీజన్లో పంతొమ్మిదో ఎపిసోడ్ 'ఇన్ ద పేల్ మూన్‌లైట్'. 1998 ఏప్రిల్‌లో వచ్చింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొన్న మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ పెట్టాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను.

ఫెడరేషన్ తరఫున ఒక అంతరిక్ష స్టేషన్‌ను నడిపే కెప్టెన్ సిస్కో గదిలో ఒక్కడే కూర్చుని పర్సనల్ లాగ్, అంటే తన డైరీ, రికార్డు చేస్తుంటాడు. చూపు నేరుగా కెమెరా మీదే, అంటే మన మొహం మీదే. ప్రతి శుక్రవారం పొద్దున యుద్ధంలో పోయినవాళ్ల జాబితా పెట్టడం ఆయన పని. అది చూసీ చూసీ విసిగిపోయి, శత్రువైన డొమినియన్ మీదికి రోమ్యులన్లనే మరో గ్రహాంతర జాతిని ఎలాగైనా దింపాలనుకుంటాడు. వాళ్లేమో డొమినియన్‌తో ఒప్పందం చేసుకుని హాయిగా గట్టున కూర్చున్నారు. డొమినియన్ తమ మీదికీ వస్తుందన్న సాక్ష్యం చూపిస్తే తప్ప కదలరు. దానికోసం ఒకప్పటి గూఢచారి, ఇప్పుడు స్టేషన్లో బట్టలు కుట్టుకుంటున్న గారక్ సాయం అడుగుతాడు. నిజమైన సాక్ష్యం దొరక్కపోయేసరికి, మనమే తయారుచేద్దాం అంటాడు గారక్.

ఇక అక్కణ్ణుంచి జారుడుబల్లే. మరణశిక్ష పడ్డ ఫోర్జరీగాణ్ణి జైలు నుంచి తెప్పిస్తారు. వాడు తాగి, స్టేషన్లో బార్ నడిపే క్వార్క్‌ను పొడుస్తాడు. కేసు కాకుండా క్వార్క్‌కు లంచం ఇవ్వాల్సొస్తుంది. మనిషన్నాక ప్రతివాడికీ ఒక రేటు ఉంటుందన్న నమ్మకం మళ్లీ కుదిరిందని క్వార్క్ పొంగిపోతుంటే, సిస్కో మొహం చూడాలి! లాగ్ చెప్తున్నకొద్దీ ఆయన ఒంటి మీది యూనిఫాం కూడా కొంచెం కొంచెంగా ఊడిపోతుంటుంది. ఇది నేను రెండోసారి చూసినప్పుడు గానీ గమనించలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీన్‌లో బాంబుల్లేవు, తుపాకుల్లేవు. రోమ్యులన్ సెనెటర్ వ్రీనాక్ రహస్యంగా స్టేషన్‌కు వస్తాడు. సిస్కో ఆయనకు వాళ్ల దేశపు మందే పోసిస్తాడు, కాకపోతే ఏ వస్తువునైనా నకలు తీసే రెప్లికేటర్ యంత్రంలో చేసింది. వ్రీనాక్ వాసన చూసి, ఒక గుక్క తాగి, బాగానే చేశారంటాడు. ఒక్క క్షణం అసలుదే అనుకున్నాడట, ఒక్క క్షణమే. అసలు సరుకు అలవాటైన నాలుకకు నకిలీ ఆనదు కదా. దొంగ సాక్ష్యం నింపిన డేటా రాడ్ ఇంకా ఆయన చేతికే రాలేదు, అబద్ధం మాత్రం అప్పటికే గ్లాసులో దొరికిపోయింది. ఇంత నిమ్మళంగా టెన్షన్ పెంచిన సీన్ నేనింకోటి చూడలేదు.

రాడ్ దొంగదని తేలాక వ్రీనాక్‌గా వేసిన స్టీఫెన్ మెక్‌హ్యాటీ పళ్లు బిగించి అరిచే అరుపు మాత్రం నాకు కాస్త అతిగానే ఉంటుంది. తమ్ముడైతే పకపకా నవ్వాడు. కాసేపటికి వ్రీనాక్ షటిల్ పేలిపోయిందన్న కబురు వచ్చాక ఆ నవ్వు ఆగింది.

బాంబు పెట్టింది గారకే. నేరం డొమినియన్ మీదికెళ్లి రోమ్యులన్లు యుద్ధంలోకి దిగుతారని ఆయన లెక్క. సిస్కో వెళ్లి కొడితే, నెత్తురు తుడుచుకుంటూ లెక్క చెప్తాడు: ఒక సెనెటర్, ఒక నేరస్థుడు, ఒక అధికారి ఆత్మగౌరవం. వీటితో పావు గెలాక్సీ దక్కిందంటే చవక బేరమేగా! గారక్‌గా వేసిన ఆండ్రూ రాబిన్సన్ ఈ మాటలు కొలతలు రాసుకునే దర్జీలాగే చెప్తాడు. నీవల్ల కానిది నావల్ల అవుతుందనేగా నా దగ్గరికొచ్చావ్ అని అడిగితే సిస్కో దగ్గర జవాబు లేదు.

స్క్రీన్‌ప్లే మైకేల్ టేలర్ పేరు మీద ఉన్నా, పేరు వేసుకోకుండా తిరగరాసింది రొనాల్డ్ మూర్. ఫెడరేషన్ అంటే మచ్చలేని మంచివాళ్లని నమ్మి పెరిగిన నాలాంటివాళ్లకు ఈ నలభై అయిదు నిమిషాలు గట్టిగానే తగులుతాయి.

చివర్లో సిస్కోగా వేసిన ఏవరీ బ్రూక్స్ గ్లాసెత్తి, దీన్ని భరిస్తూ బతకగలనంటాడు. ఒకసారి అని ఊరుకోడు, మళ్లీ అంటాడు. ఆ వెంటనే లాగ్ మొత్తం చెరిపేయమని కంప్యూటర్‌కు చెప్తాడు.

"అంత బతకగలిగేవాడు చెరపడం దేనికి?" అన్నాడు తమ్ముడు. నేనేమీ అనలేదు, తర్వాతి ఎపిసోడ్ పెట్టాను. అందులో స్టేషన్ సెక్యూరిటీ అధికారి ఓడో, ఊహాలోకాన్ని నిజంలా చూపే హోలోసూట్ గదిలో పాటగాడి దగ్గర కూర్చుని ప్రేమపాఠాలు నేర్చుకుంటున్నాడు.