ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ మీద పెళ్ళి ఆల్బమ్‌లు: మిషన్ సూపర్, ప్లగిన్‌తోనే తంటా

ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అనేది అందరూ రాసేశారు, ఆ జోలికి పోను. నెల్లూరులో చిన్న ఫోటో స్టూడియో మాది, కొన్నేళ్ళుగా ఆల్బమ్ పనంతా ఈ ఆపిల్ ల్యాప్‌టాప్ మీదే. ఫ్యానే లేదు, ఎండాకాలంలో కూడా సౌండ్ లేకుండా పనిచేసుకుపోద్ది.

కొన్న కొత్తలో ఫోటోషాప్ ఇంకా ఇంటెల్ చిప్‌కి రాసిందే, దీంట్లో ఉండేదేమో ఆర్మ్ అనే వేరే రకం చిప్. ఇంటెల్‌కి రాసిన యాప్‌ని ఈ ఆర్మ్ చిప్‌కి ఆపిల్ వాళ్ళ రోజెట్టా అనే ప్రోగ్రామ్ మార్చి నడిపిద్ది, మొదటిసారి ఓపెన్ అయ్యేటప్పుడు కాస్త నాన్చుద్ది గానీ తర్వాత మా పాత పీసీ కన్నా నయంగానే పోయింది. 2021 మార్చిలో ఆర్మ్‌కే తయారైన ఫోటోషాప్ వచ్చింది, నేను కొంచెం ఆగి అప్‌డేట్ కొట్టా, ఫైలు అట్టా నొక్కితే ఇట్టా తెరుచుకుంటా ఉంది.

అసలు కథ అక్కడే మొదలైంది. గూడూరు పార్టీ ఆల్బమ్ తెల్లారితే ప్రింటుకి పోవాల, ఫిల్టర్ మెనూ తెరిస్తే స్కిన్ క్లీన్ చేసే ప్లగిన్ (ఫోటోషాప్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పేరే లేదు. ఎర్రర్ లేదు, ఏం లేదు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సక్సెస్ అంటది, మెనూలో మాత్రం ఉండదు. మా దగ్గర పనిచేసే పిల్లోడు, "అన్నా, పెళ్ళికూతురి మొహం చేత్తోనే చేసేద్దామా" అంటాడు, అన్ని ఫోటోలు చేత్తో ఎప్పటికయ్యేను! తీరా చూస్తే సంగతేందంటే, మా ప్లగిన్ ఇంకా ఇంటెల్‌దే, అదేమో ఫోటోషాప్ లోపలే నడవాల, లోపల సగం ఆర్మ్ సగం ఇంటెల్ అంటే కుదరదు, రోజెట్టా మారిస్తే మొత్తం మార్చాల్సిందే. యాప్ ఐకాన్ మీద గెట్ ఇన్ఫోలో 'ఓపెన్ యూజింగ్ రోజెట్టా' అని టిక్కు ఉంటది, అది పెట్టి తెరిస్తే ప్లగిన్ వచ్చేసింది, ఆ స్పీడు మాత్రం పోయింది. ఇంక స్కిన్ పనికి టిక్కు పెట్టు, షీట్ డిజైన్‌కి టిక్కు తియ్యి, చాన్నాళ్ళు ఇదే బతుకు. ప్లగిన్ వాళ్ళు చివరికి ఆర్మ్‌ది ఇచ్చారు గానీ పాత లైసెన్సు చెల్లదంట, మళ్ళీ డబ్బులు కట్టాలంట, నాకు మండింది అక్కడే.

రోజెట్టా ఉందిగా అని ధీమాగా కూడా ఉండలేం, మ్యాక్ ఓఎస్ 27 తర్వాత కొన్ని పాత గేములకి తప్ప దాన్ని ఉంచేది లేదని 2025లో ఆపిల్ చెప్పేసింది.

ఇంకోటి, మా పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది, డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే తాళం లాంటి ముక్క) గుచ్చితేనే తెరుచుకుంటది. మ్యాక్‌లో విండోస్ నడిపే ప్యారలల్స్ అనే యాప్‌లో ఆర్మ్ విండోస్ వేసి చూశా, ఆ విండోస్ ఇంటెల్ యాప్‌లని నడిపిద్ది గానీ, డాంగిల్ లాంటి వాటిని పనిచేయించే ఇంటెల్ డ్రైవర్‌ని నడపదు, డాంగిల్‌కి ఆర్మ్ డ్రైవర్ ఎవరూ రాయలేదు. అందుకని పేర్లు, ముహూర్తం లైన్లు ఇప్పటికీ పాత పీసీలో కొట్టి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడమే.

నా పని ముప్పాతిక ఫోటోషాపే కాబట్టి నాకు గిట్టుబాటే. శుభలేఖలు, ఫ్లెక్సీల షాపు వాళ్ళయితే మాత్రం మీ డాంగిల్ సంగతి ముందు తేల్చుకోండి. నా పాత పీసీకి ఒకాయన బేరం పెట్టాడు, టైపింగ్ దాంట్లోనే ఉంది కదా, ఇవ్వలేదు.