సూపర్‌హెవీ: జాస్ స్టోన్ గొంతు కోసం వినవలసిన ఆల్బమ్

మిక్ జాగర్, జాస్ స్టోన్, గిటారిస్టు డేవ్ స్టీవర్ట్, జమైకా సంగీత రీతి అయిన రెగ్గే గాయకుడు డామియన్ మార్లీ, ఏ.ఆర్. రెహమాన్ కలిసి 2011లో విడుదల చేసిన ‘సూపర్‌హెవీ’ని మన కోనసీమలో విన్నవారిలో ఎక్కువమంది రెహమాన్ పేరు చూసే విని ఉంటారు. జాగర్ సంస్కృతంలో పాడిన ‘సత్యమేవ జయతే’ దగ్గర ఆగిపోయినవారు మాత్రం ఈ ఆల్బమ్‌లోని అసలు సొగసును వదులుకున్నట్టే. 16 ఏళ్లకే సోల్ (అమెరికా నల్లజాతీయుల భావభరిత గాన శైలి) పాటలతో పేరు తెచ్చుకున్న స్టోన్‌కు అప్పటికి 24 ఏళ్లు, రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం గాయకుడైన జాగర్‌కు 68. అంతటి రాక్ గాయకుడి పక్కన ఆమె గొంతు ఎక్కడా బెదరలేదు.

వీరికిది తొలి పరిచయం కాదు. 2004లో ‘ఆల్ఫీ’ చిత్రానికి జాగర్, స్టీవర్ట్ పాటలు కట్టినప్పుడే స్టోన్ వారితో పాడారు. ఆ చనువు ఈ ఆల్బమ్‌లోని ‘మిరకిల్ వర్కర్’ పాటలో బాగా తెలుస్తుంది. రెగ్గే నడకలో గిటార్ మీటు తాళపు దెబ్బ మీద కాక, రెండు దెబ్బల నడుమ పడుతుంది. స్టోన్ ఆ నడకకు తొందరపడకుండా, పంక్తి చివరి మాటను కాస్త సాగదీసి, సన్నని జీరతో వదులుతారు; జాగర్ మాటలను కొరికినట్టు పొడిపొడిగా పలుకుతారు. శ్రీరామనవమి పందిట్లో భజన జరిగేటప్పుడు, ముందు పాడేవారి చరణం ముగిసీ ముగియకముందే వంత అందుకునే పట్టు ఈ ఇద్దరి నడుమ ఉంది. ఎవరు ముందు, ఎవరు వంత అన్నది మాత్రం మారుతూనే ఉంటుంది.

ఐదుగురూ ఒకేసారి చోటు కోరిన పాటలు అంతగా నిలవలేదు. ఆల్బమ్ పేరుతోనే ఉన్న మొదటి పాటలో గొంతులు ఒకదానిమీద ఒకటి పడి, ఏదీ మనసుకు పట్టదు. రెహమాన్ సంగీతానికి ఇంకా ఎక్కువ చోటు దక్కవలసిందని కూడా నాకు గట్టిగా అనిపించింది.

అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో చిన్న ఇయర్‌ఫోన్లతో వింటే, రెగ్గేకు ప్రాణమైన బేస్ గిటార్ అంతా ఇంజన్ హోరులో కలిసిపోతుంది. ఇంట్లో మంచి స్పీకర్ల మీద, ముందు ‘మిరకిల్ వర్కర్’, ఆ తర్వాత ‘సత్యమేవ జయతే’, చివరగా స్టోన్ గొంతు తీరికగా విచ్చుకునే ‘వరల్డ్ కీప్స్ టర్నింగ్’ వినండి. నేను దీనికి 5కు మూడున్నర ఇస్తాను. అందులో సగానికి పైగా స్టోన్‌కే చెందుతుంది.